జిమ్‌లో ‘కోర్సు’ వేయించుకోమంటున్నారు, వేయించుకోవచ్చా?

1. కూకట్‌పల్లి కుర్రాడు

అందరికీ నమస్కారం. నాకు 20 ఏళ్లు, డిగ్రీ చివరి సంవత్సరం. చాలాకాలంగా జిమ్‌కు వెళ్తున్నాను. మొదట్లో ఒళ్లు బాగానే పెరిగింది. ఇప్పుడు ఎంత బరువులెత్తినా, ఎన్ని గుడ్లు తిన్నా అద్దంలో తేడా కనిపించడం లేదు. మా కోచ్ అన్న ఏమంటాడంటే, ‘నీ ఒంటికి సహజంగా ఇంతకంటే రాదు. పన్నెండు వారాల స్టెరాయిడ్ కోర్సు వేద్దాం, సంక్రాంతికి ఊరెళ్లేసరికి చొక్కా గుండీలు పట్టవు’ అని. పద్దెనిమిది వేలు అడుగుతున్నాడు. ఇంజెక్షన్ ఆయనే చేస్తాడట. డాక్టరు చీటీ ఏమీ లేదు. సీసా చూపించాడు కానీ దాని మీద తయారీదారు చిరునామా కూడా లేదు.

మా తాతయ్యకు ఆయాసానికి స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు. ముఖం ఉబ్బిపోయింది. ఇదీ అదేనా? తెలిసినవారు చెప్పండి. తిట్టకండి, ఇంకా వేయించుకోలేదు.

2. వెటకారం వెంకట్

చొక్కా గుండీలు పట్టవన్నది నిజమే తమ్ముడూ. ఆ చొక్కా విప్పడానికి కూడా సిగ్గుపడే రోజు వస్తుందని చెప్పాడా? మా జిమ్‌లో ఒకడికి ఛాతీ పెరగమంటే చనుమొనల కింద గడ్డలు పెరిగాయి. ‘గైనో’ అంటారు. ఆపరేషన్‌కు కోర్సు ఖర్చు కంటే ఎక్కువే అయింది. ఆ బిల్లు మాత్రం కోచ్ కట్టలేదు.

3. వేదిక నిర్వాహకుడు

చర్చ మొదలవగానే ఒక మాట. ఏ మందు ఎంత మోతాదు, ఎక్కడ దొరుకుతుంది అన్న సమాచారం ఇక్కడ రాయకూడదు. రాస్తే తీసేస్తాను. ఇప్పటికే రెండు తీసేశాను. జిమ్ముల పేర్లు, మనుషుల పేర్లు కూడా వద్దు. మిగతాదంతా మీ ఇష్టం.

4. మలక్‌పేట మందుల షాపు

నేను ఫార్మసిస్టును. టెస్టోస్టెరాన్ (మగ హార్మోను), నాండ్రోలోన్ వంటి స్టెరాయిడ్లన్నీ షెడ్యూల్ హెచ్ మందులు. డాక్టరు చీటీ లేకుండా అమ్మడం నేరం. అయినా సాయంత్రం ఆరు దాటితే భుజానికి సంచి తగిలించుకుని ఎవరో ఒకరు వచ్చి మెల్లగా ‘అన్నా, డెకా (నాండ్రోలోన్) ఉందా?’ అని అడుగుతారు. లేదంటే ఇంకో షాపు చూసుకుంటారు.

ఈ మందులు ఉన్నది రోగుల కోసం. యుక్తవయసు మార్పులు ఆలస్యమైన మగపిల్లలకు, వృషణాలు పనిచేయని మగవారికి టెస్టోస్టెరాన్ ఇస్తారు. కొన్ని రకాల రక్తహీనతకు నాండ్రోలోన్ ఇచ్చేవారు. బోల్డినోన్ అయితే గుర్రాల మందు, అదీ మనుషులు పొడిపించుకుంటున్నారు.

నాకు ఎక్కువ భయం వేసేది మాత్రం చిరునామా లేని సీసాలతోనే. లోపల రాసిన మందే ఉందో, వేరేది ఉందో, ఉత్త నూనే ఉందో ఎవరికీ తెలియదు. శుభ్రంగా తయారు చేయకపోతే పిరుదు మీద చీముగడ్డ లేస్తుంది. ఒకే సీసాలో పది మంది సూదులు ముంచితే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ దాకా వెళ్లవచ్చు. కోచ్ సూది మారుస్తాడు సరే, సీసాను మారుస్తాడా?

ఇంకొకటి. మన నగరంలో పోలీసులు, ఔషధ నియంత్రణ అధికారులు జిమ్ కుర్రాళ్ల దగ్గర మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్లు పట్టుకున్నట్టు పత్రికల్లో తరచూ చూస్తున్నాం. అది స్టెరాయిడ్ కానే కాదు. ఆపరేషన్ బల్ల మీద మత్తు ఇచ్చాక రక్తపోటు పడిపోతే లేపడానికి వాడే మందు. దాన్ని అలసట తెలియకుండా బరువులెత్తడానికి వాడుతున్నారు. గుండె దడ, రక్తపోటు, నిద్రలేమి, ఆపైన అలవాటు పడిపోవడం. కొందరికి మతి కూడా చలిస్తుంది. ‘పంప్ బాగా వస్తుంది’ అని ఎవరైనా ఏదైనా ఇస్తే ముందు పేరు చదవండి.

5. హార్మోన్ల డాక్టరు

ముందు తాతయ్య గారి సంగతి. ఆయాసానికి ఇచ్చే ప్రెడ్నిసలోన్ వంటివి కార్టికోస్టెరాయిడ్లు. వాపును, మంటను అణచడానికి ఇస్తారు. ఎక్కువ కాలం వాడితే అవి కండను పెంచవు సరికదా, కరిగిస్తాయి. జిమ్ముల్లో తిరిగేవి టెస్టోస్టెరాన్, దాని నుంచి తయారు చేసిన, కండ పెంచే అనబాలిక్ స్టెరాయిడ్లు. అణువుల చట్రం ఒకటే, చేసే పని వేరు. దయచేసి ఈ చర్చ చదివి ఎవరూ పెద్దవారి స్టెరాయిడ్ మాత్రలో, ఇన్‌హేలరో ఆపేయకండి. అలా ఆపి ఊపిరాడక వచ్చినవారిని చూశాను.

ఇక అసలు విషయం. మన మెదడులో హైపోథాలమస్, దాని కింద పిట్యూటరీ గ్రంథి ఉన్నాయి. పిట్యూటరీ నుంచి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే సంకేతాలు వృషణాలకు వెళ్తాయి. మొదటిదానితో టెస్టోస్టెరాన్, రెండింటి సాయంతో వీర్యకణాలు తయారవుతాయి. మన హైదరాబాదు ఇళ్లలో ట్యాంకరు నీళ్లు పోయించుకుంటే పైన ట్యాంకు నిండి, బోరు మోటారు తనంతట తాను ఆగిపోతుంది కదా, ఇక్కడా అంతే. బయటి నుంచి హార్మోను ఎక్కించగానే మెదడు ‘నిండుగా ఉంది’ అనుకుని సంకేతాలు ఆపేస్తుంది. వృషణాలు పని మానేసి చిన్నవవుతాయి. రక్తంలో టెస్టోస్టెరాన్ ఆకాశంలో ఉన్నా వృషణం లోపల అడుగంటుతుంది. వీర్యకణాలకు కావలసింది ఆ లోపలిదే. అందుకే చూడటానికి పహిల్వానులా ఉన్నవారి వీర్య పరీక్షలో ఒక్క కణం కూడా కనిపించకపోవచ్చు.

ఎక్కువైన టెస్టోస్టెరాన్‌లో కొంత భాగాన్ని అరోమటేజ్ అనే ఎంజైము ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. వెంకట్ గారు చెప్పిన గడ్డలు దానివల్లే. కొంత డీహెచ్‌టీ అనే మరో హార్మోనుగా మారుతుంది. వంశంలో బట్టతల ఉంటే అది త్వరపడుతుంది, వీపు నిండా మొటిమలు. ఇవన్నీ కళ్లకు కనిపించేవి కాబట్టి జనం వీటి గురించే మాట్లాడుకుంటారు. కనిపించనివి నన్ను ఎక్కువ కలవరపెడతాయి. మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, చెడ్డది పెరుగుతుంది, రక్తం చిక్కబడుతుంది, గుండె గోడ మందమవుతుంది. మాత్రల రూపంలో వాడేవాటిలో చాలావాటిని కాలేయం సులువుగా విరగ్గొట్టలేకుండా రసాయనికంగా మార్చి ఉంటారు. ఆ భారమంతా కాలేయం మీదే పడుతుంది. కామెర్లు, అరుదుగా కాలేయంలో రక్తపు తిత్తులు, కణితులు.

ఎదిగే పిల్లలు వాడితే ఎముకల చివర్లలోని ఎదుగుదల పలకలు ముందే మూసుకుపోయి పొట్టిగా ఉండిపోతారు. ఇరవై ఏళ్లకు ఎత్తు దాదాపు ఆగిపోతుంది కాబట్టి మీకు ఆ బాధ తక్కువ. మిగతావి ఏవీ తక్కువ కావు.

6. స్టేజీ నంబర్ 14

ఎప్పటిలాగే భయపెట్టడం మొదలైంది. నేను బాడీబిల్డింగ్ పోటీలకు వెళ్తాను, వాడతాను, దాచుకోను. పెద్ద స్థాయిలో స్టేజీ ఎక్కేవారిలో ఎవరు వాడరో వేళ్ల మీద లెక్కపెట్టండి. చాలా పోటీల్లో డోపింగ్ పరీక్షే ఉండదు. అందరూ వాడే చోట నేను ఒక్కడినే నీతిగా నిలబడి చివరి వరుసలో నవ్వాలా?

డాక్టర్లు ఒకప్పుడు స్టెరాయిడ్లతో కండ పెరగదనే చెప్పేవారు. జిమ్‌లో ఉన్నవాడు కళ్లారా చూస్తుంటే ఆ మాట ఎవరు నమ్ముతారు? 1996లో అమెరికాలో మనవాడే, డాక్టర్ షలేందర్ భాసిన్ బృందం, 43 మంది మగవారితో పది వారాలు పరిశోధన చేసింది. టెస్టోస్టెరాన్ సూది తీసుకుని వ్యాయామమే చేయనివారికి కొవ్వు కాని బరువు సుమారు 3 కిలోలు పెరిగింది. మందు లేని ఉత్త సూది వేయించుకుని వ్యాయామం చేసినవారికి 2 కిలోలు. రెండూ చేసినవారికి 6 కిలోలు. కూర్చున్నవాడు చెమటోడ్చినవాడికంటే ఎక్కువ పెంచాడు! అది చెప్పరే?

నేను రక్త పరీక్షలు చేయించుకుంటాను, మధ్యలో విరామం ఇస్తాను. తెలిసి వాడితే ఏమీ కాదు.

7. హార్మోన్ల డాక్టరు

నంబర్ 14 గారూ, మీరు చెప్పిన అంకెలు సరైనవే. కండ పెరుగుతుంది. పెరగదని 1970లలో వైద్యులు వాదించి జిమ్ముల్లో తమ మాటకు విలువ తామే పోగొట్టుకున్నారు. ఆ అపనమ్మకం ఖరీదు ఇప్పటికీ కడుతున్నాం. ఆ పరిశోధనలో మోతాదు వైద్యానికి ఇచ్చేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ ఒకే మందు, పది వారాలే, డాక్టర్ల కాపలాలో. మీరు వాడేది ఒకే మందా? పది వారాలేనా?

ఇంకో పరిశోధన కూడా చదవండి. 2017లో వచ్చింది. బరువులెత్తే 140 మంది మగవారి గుండెలను చూశారు. 86 మంది రెండేళ్లు, అంతకు మించి స్టెరాయిడ్లు వాడినవారు, 54 మంది అసలు వాడనివారు. గుండె ఒక్కో దెబ్బకు రక్తాన్ని బయటికి నెట్టే శాతం వాడనివారిలో సగటున 63, వాడినవారిలో 52. ఆపేసినవారిలో కొంత కోలుకుంది, గుండె సడలే తీరు మాత్రం పూర్తిగా మామూలు కాలేదు. గుండె రక్తనాళాల్లో పేరుకునే కొవ్వు పాచి కూడా వాడినవారిలోనే ఎక్కువ.

మీరు చేయించుకునే పరీక్షలు ఏవి? కండ ఎక్కువ ఉన్నవారికి, ముందురోజు బరువులెత్తినవారికి కాలేయ పరీక్షలో కొన్ని అంకెలు, మూత్రపిండాల పరీక్షలో క్రియాటినిన్ ఊరికే పెరిగి కనిపిస్తాయి. కాబట్టి ‘అన్నీ జిమ్ వల్లే’ అని సరిపెట్టుకోవడం తేలిక. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) చూశారా? హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్)? ఎకో (గుండె స్కాన్)?

8. స్టేజీ నంబర్ 14

ఎకో చేయించుకోలేదు. కాలేయం, మూత్రపిండాలు చూపించాను. మిగతావి చేయించి అంకెలు ఇక్కడే పెడతాను, చూద్దాం.

9. పాతబస్తీ తాలీం

బార్కస్ వైపు తాలీంలు చూస్తూ పెరిగినవాణ్ణి. మట్టిలో కుస్తీ, దండీలు, బస్కీలు, సంగడీలు. టెస్టోస్టెరాన్‌ను ప్రయోగశాలలో తయారు చేసింది 1935లో. జిమ్ముల్లో పేరు మోసిన డయానబాల్ అనే స్టెరాయిడ్ మాత్ర అమెరికా మార్కెట్‌కు వచ్చింది 1958లో. మన కోడి రామమూర్తి నాయుడు గారు గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న రోజులకు ఈ రెండూ లేవు. 1935 నాటికి ఆయనకు యాభై దాటాయి.

మా ఉస్తాదులు కుర్రాడు ఆరు నెలలు మట్టి తవ్వాకే కుస్తీ నేర్పేవారు. ఇప్పటి కోచ్‌లలో కొందరికి నెల తిరిగేసరికి ఫోటో కావాలి. కుర్రాడి ఫోటో పెట్టి మరో పది మందిని చేర్చుకోవాలి. అసలు తొందర ఎవరిదో గమనించు బాబూ.

10. వెటకారం వెంకట్

పెద్దాయనా, పాలు, బాదం తిన్నవారంతా కోడి రామమూర్తులు కాలేదు కదా.

11. పాతబస్తీ తాలీం

కాలేదు. సూదులు వేయించుకున్నవారంతా కూడా స్టేజీ ఎక్కలేదు.

12. నాచారం సుమ

ఇలాంటి చోట రాయడం ఇదే మొదటిసారి. డాక్టరు గారు వీర్య పరీక్ష మాట ఎత్తారు కాబట్టి రాస్తున్నాను.

మా పెళ్లయ్యాక పిల్లలు కలగలేదు. పరీక్షలన్నీ నాకే. స్కాన్లు, రక్త పరీక్షలు, గర్భాశయ నాళాలు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రే. అది ఎంత నొప్పో చేయించుకున్నవారికే తెలుసు. మా అత్తగారు మొక్కని దేవుడు లేడు, నాతో చేయించని ప్రదక్షిణ లేదు. మా వారిని చూసి ఎవరికీ అనుమానమే రాలేదు. ఆరడుగుల మనిషి, భుజాలు తలుపంత. ‘వాడికేం, సింహం’ అనేవారు మామగారు.

చివరికి ఒక డాక్టరమ్మ నా కాగితాలు పక్కన పెట్టి, ముందు ఆయన పరీక్ష తెమ్మన్నారు. వీర్యకణాలు సున్నా. ఆమె ఒకే ప్రశ్న అడిగారు: ‘జిమ్‌కు వెళ్తారా?’ ఆయన తల దించుకున్నారు. నేను పిల్లల కోసం కడుపు మీద సూదులు పొడిపించుకుంటున్నంత కాలమూ కారణం ఏమిటో ఆయనకు తెలియకపోయినా, దాచినదేమిటో తెలుసు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

ఆపించారు. అసలు కష్టం అప్పుడు మొదలైంది. మనిషి మంచం దిగడు. ఆఫీసుకు వెళ్లడు. రాత్రిళ్లు కూర్చుని ఏడుస్తాడు. కండ తగ్గుతుంటే రోజుకు పదిసార్లు అద్దం చూసుకుంటాడు. దాంపత్యం మాట చెప్పనే అక్కర్లేదు. ఒకసారి తట్టుకోలేక మళ్లీ మొదలుపెట్టాడు. బాత్రూములో సీసా దొరికింది. మళ్లీ ఆపించాం. ఇప్పుడు హార్మోన్ల డాక్టరు, మనోవైద్యుడు ఇద్దరి దగ్గరికీ వెళ్తున్నాం. కణాలు కొద్దిగా కనిపిస్తున్నాయి. ఇంకా చాలదట.

మా వారు మా అత్తగారికి మాత్రం లోపం నాదే అని చెప్పుకున్నారు. నేనూ దిద్దలేదు.

13. మలక్‌పేట మందుల షాపు

అమ్మా, చివరి వాక్యం చదివి కోపం వచ్చింది. మీ మీద కాదు.

14. హార్మోన్ల డాక్టరు

సుమ గారూ, మీరు రాసింది నా గదిలో దాదాపు అదే వరుసలో వింటుంటాను. భార్యకు అన్ని పరీక్షలూ అయ్యాక భర్త వస్తాడు. మగవారి వీర్య పరీక్ష అన్నిటికంటే చవకైనది, నొప్పి లేనిది. దాన్ని చివరికి నెట్టడం మన ఇళ్ల అలవాటు.

ఆపాక వచ్చే నీరసం, దిగులు నటన కాదు, బలహీనతా కాదు. బయటి హార్మోను ఆగిపోయింది, సొంతది ఇంకా మొదలవలేదు. ఆ మధ్య కాలంలో శరీరంలో టెస్టోస్టెరాన్ దాదాపు లేనట్టే. అది వారాలు ఉండవచ్చు, నెలలూ పట్టవచ్చు. ఆ దిగులు తట్టుకోలేకే చాలామంది మళ్లీ సూది పట్టుకుంటారు. ఆత్మహత్య ఆలోచనలు కూడా వస్తాయి కాబట్టి మనోవైద్యుడి దగ్గరికి వెళ్లడం చాలా మంచి పని. వీర్యకణం తయారు కావడానికే రెండున్నర నెలలు పడుతుంది. కాబట్టి సంకేతాలు తిరిగి మొదలైనా ఫలితం ఆలస్యంగానే కనిపిస్తుంది. చాలామందికి తిరిగి వస్తుంది, కొందరికి ఏడాది దాటుతుంది, కొందరికి పూర్తిగా రాదు. ఎవరికి రాదో ముందుగా చెప్పే పరీక్ష లేదు.

జిమ్ముల్లో ‘కోర్సు అయ్యాక మాత్రలు వేసుకుంటే అంతా సర్దుకుంటుంది’ అంటారు. ఆ మాత్రల్లో కొన్నింటిని మేమూ వాడతాం, కానీ పరీక్షలు చూసుకుంటూ. వాటిని చూసి ధైర్యంగా కోర్సు మొదలుపెట్టడం వేరే సంగతి.

15. లాలాపేట లిఫ్టర్

నేను వెయిట్‌లిఫ్టింగ్ అమ్మాయిని. అమ్మాయిల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. నాతో సాధన చేసిన ఒకరు బరువు తగ్గుతుందని, కండ నిలుస్తుందని ఎవరో ఇచ్చిన మాత్రలు వేసుకున్నారు. గొంతు మారింది. మాత్రలు ఆపినా గొంతు తిరిగి రాలేదు. ఫోనులో ఇప్పటికీ ‘సార్’ అంటారట. గడ్డం మీద వెంట్రుకలు, ఆగిన నెలసరి. నెలసరి వచ్చింది, గొంతు రాలేదు.

పోటీల్లో పరీక్ష ఉండదని అన్నయ్య ఒకరు రాశారు. మాకు ఉంటుంది. నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వారు శిక్షణ శిబిరానికీ వస్తారు, ఇంటికీ వస్తారు. మూత్రం ఇచ్చేటప్పుడు ఎదురుగా మనిషి నిలబడి చూస్తారు. నాండ్రోలోన్ ఆనవాళ్లు నెలల తరబడి దొరుకుతాయి. దొరికితే నాలుగేళ్ల నిషేధం దాకా వెళ్లవచ్చు. ‘ప్రొటీన్ పొడిలో కలిసిందేమో, నాకు తెలియదు’ అంటే కుదరదు, ఒంట్లో ఉన్నదానికి మనదే బాధ్యత. 1988 సియోల్‌లో వంద మీటర్లు 9.79 సెకన్లలో పరిగెత్తిన బెన్ జాన్సన్ పతకం స్టానొజొలోల్ అనే స్టెరాయిడ్ ఆనవాళ్లతోనే పోయింది. మన దేశపు వెయిట్‌లిఫ్టింగ్‌కు కూడా ఈ మచ్చలు తక్కువేమీ కాదు. 2000 సిడ్నీలో శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి గారు 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన ఆట ఇది. ఇప్పుడు మేము సాధనకు వెళ్తుంటే బంధువులు ‘ఏం వాడుతున్నావు?’ అని అడుగుతారు.

16. కూకట్‌పల్లి కుర్రాడు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న కోచ్‌ను రెండు ప్రశ్నలు అడిగాను. సీసా ఎక్కడిది అంటే ‘నమ్మకం లేకపోతే వదిలేయ్’ అన్నాడు. ఏదైనా అయితే ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలి అంటే నవ్వాడు. డబ్బు ఇవ్వలేదు.

మరి నా కండ ఎందుకు ఆగిపోయింది? అది ఎవరూ చెప్పలేదు.

17. పాతబస్తీ తాలీం

రోజుకు ఎన్ని గంటలు నిద్రపోతావు? ఏం తింటావు? వారంలో కాళ్లకు వ్యాయామం ఎన్నిసార్లు?

18. కూకట్‌పల్లి కుర్రాడు

హాస్టల్ భోజనం. మధ్యాహ్నం సాంబారు అన్నం, రాత్రి చపాతీ. గుడ్లు రోజుకు నాలుగు. నిద్ర ఐదు గంటలు, పరీక్షలున్నాయి. కాళ్లకు... ఎప్పుడైనా.

19. వెటకారం వెంకట్

దొరికాడు దొంగ.

20. లాలాపేట లిఫ్టర్

తమ్ముడూ, బరువులెత్తే మనిషికి ఒంటి బరువులో కిలోకు ఒకటిన్నర గ్రాముల పైన ప్రొటీన్ కావాలి. నాలుగు గుడ్లలో పాతిక గ్రాములు కూడా సరిగా రావు. సాంబారును పప్పు కింద లెక్కవేయకు. హాస్టల్లో పెరుగు, పల్లీలు, సెనగలు అదనంగా పెట్టుకో, వీలైతే చికెన్. ఎంత బరువు ఎన్నిసార్లు ఎత్తావో పుస్తకంలో రాస్తున్నావా? ప్రతి వారం అదే బరువు ఎత్తితే ఒళ్లు పెరగడానికి కారణం ఏముంది? ఆ పైన, మొదటి ఏడాది పెరిగినంత వేగంగా రెండో ఏడాది ఎవరికీ పెరగదు. అది మీ కోచ్‌కు తెలిసే ఉంటుంది.

21. స్టేజీ నంబర్ 14

అంకెలు పెడతానన్నాను, పెడుతున్నాను. హెమటోక్రిట్ 56. హెచ్‌డీఎల్ 17. బీపీ 152/98, అక్కడి నర్సు రెండుసార్లు చూసింది. ఎకోలో గుండె ఎడమ గోడ మందంగా ఉందని రాశారు. నాకు ఒంట్లో ఏ బాధా లేదు, నిన్న కూడా ఎప్పటి బరువులే ఎత్తాను. పోటీ ఐదు వారాల్లో ఉంది. రక్తదానం చేస్తే చిక్కదనం తగ్గుతుందని మా వాళ్లు అంటున్నారు. పోటీ అయ్యాక డాక్టరుకు చూపిస్తే సరిపోతుందా?

22. హార్మోన్ల డాక్టరు

సరిపోదు. మేము వైద్యం కోసం టెస్టోస్టెరాన్ ఇచ్చే రోగికి కూడా హెమటోక్రిట్ 54 దాటితే ఇంజెక్షన్ ఆపేస్తాం. మీరు 56లో ఉండి, పోటీ ముందు ఒంట్లో నీరు తగ్గించుకోవాలని చూస్తారు. రక్తం ఇంకా చిక్కబడుతుంది. పోటీ వారంలో మూత్రం పోయించే మందులు అసలు ముట్టుకోకండి. బాధ లేకపోవడం ఇక్కడ లెక్కలోకి రాదు, గడ్డ కట్టేవరకూ బాధ ఉండదు. రక్తం తీయడమో మరొకటో, అది మీకై మీరు దాతల శిబిరానికి వెళ్లి చేసుకునే పని కాదు. రిపోర్టులన్నీ తీసుకుని గుండె డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఏమేం వాడారో ఒక్కటీ దాచకుండా చెప్పండి, వాళ్లు పోలీసులు కారు. ఛాతీ నొప్పి, ఒక పక్క తిమ్మిరి, కాలి పిక్కలో వాపు, ఆయాసం, వీటిలో ఏది వచ్చినా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి.

23. స్టేజీ నంబర్ 14

సోమవారం వెళ్తాను.

24. నాచారం సుమ

రేపు శనివారం. శనివారం కూడా డాక్టర్లు ఉంటారు అన్నయ్యా.